గేటు దగ్గర ఆగిన తెల్లకోడి

గుమ్మలమెట్ట హైస్కూలుకి కప్పు ఉంది. ఆ మాట ఎవరూ కాదనలేరు. వాన పడనంతసేపూ అది అచ్చం కప్పులాగే ఉంటుంది. చినుకు మొదలైందంటే మాత్రం ఆరో తరగతి లేచి ఏడులోకి వెళ్తుంది, ఏడూ ఎనిమిదీ కలిసి గేటు పక్కనున్న సైకిళ్ళ షెడ్డులోకి పరుగెడతాయి, తొమ్మిది వరండాలో గోడకి ఆనుకుని నిలబడుతుంది. పదో తరగతి వాళ్ళు పబ్లిక్ పరీక్షలు రాయాలి కాబట్టి గొడుగులు వేసుకుని అక్కడే కూర్చుని చదువుకుంటారు.

ప్రధానోపాధ్యాయురాలు భ్రమరాంబ గారు ఈ కప్పు గురించి పైవాళ్ళకి చెప్పుకోని నెల లేదు. చెప్పుకున్నప్పుడల్లా మండల విద్యాధికారి సదానందం గారు ఒకే మాట అనేవారు.

"చూద్దాం లెండమ్మా."

ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఎంత ఆదరం కనిపించేదంటే, బయటికి వచ్చి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గాని, ఆయన లేదన్నారని భ్రమరాంబ గారికి తెలిసేది కాదు. ఇంత తియ్యగా కాదనడం ఎక్కడ నేర్పుతారో అని ఆవిడ దారి పొడుగునా ఆశ్చర్యపోయేవారు.

ఎందుకంటే ఆవిడకి కాదనడం చేతకాదు. ఆవిడకి వచ్చిన మాట "అలాగేనండీ" ఒక్కటే. చిన్నప్పుడు సంగీతం మానేసి లెక్కలు చదువుకోమంటే అలాగేనండీ అన్నారు. ఓట్ల డ్యూటీ వేసినా, పశువుల లెక్క రాయమన్నా, పక్కింటావిడ తన మనవణ్ణి రోజూ బడికి ఎత్తుకుపొమ్మన్నా అదే మాట. ఎప్పుడైనా కాదనాలని నోరు తెరిస్తే ముందు చెవులు ఎర్రబడేవి, తరువాత గొంతు ఎండిపోయేది. ఈలోగా ఎదుటివాళ్ళు "మంచిదండి, అయితే ఖాయం చేసుకుంటాం" అని వెళ్ళిపోయేవారు.

అలాంటి ఆవిడ ఏలుబడిలో ఉన్న అలాంటి బడిని, స్వర్ణాండ సంస్థల అధిపతి వీరభద్రం గారు దత్తత తీసుకున్నారు.

వీరభద్రం గారు ఒకప్పుడు గంపలో నాటుకోళ్ళు పెట్టుకుని సంతకి వెళ్ళిన మనిషి. ఇప్పుడు గుమ్మలమెట్ట రోడ్డుకి రెండు పక్కలా ఎంత దూరం నడిచినా ఆయన కోళ్ళ షెడ్లే. ఆ ఊళ్ళో గాలి ఎటు వీచినా ఆయన సంగతి తెలుస్తూనే ఉంటుంది. ఆయన మనసు మంచిది. అడగకుండా ఇస్తారు. చిక్కల్లా ఇచ్చేటప్పుడు కూడా కోళ్ళ గురించే ఆలోచిస్తూ ఉంటారు.

దత్తత రోజున బడి ఆవరణలో కుర్చీ వేయించుకుని, తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి, తన అభిప్రాయాలు చెప్పారు.

"నేను చదివింది అయిదో తరగతండి. మిగతా చదువంతా కోళ్ళ దగ్గర చదూకున్నాను. కోడికీ పిల్లోడికీ తేడా ఏటండి? పొద్దున్నే లేత్తారు, గోల చేత్తారు, మేత పడితే ఊరుకుంటారు. మా కోడి రోజూ గుడ్డు పెడతాది. మరి మీ పిల్లోడు రోజూ ఏం పెడతన్నాడు?"

"తగువులు పెడతన్నాడండి," అన్నాడు వెనక వరసలోంచి ఒక తండ్రి.

"అదీ! యాపారం తెలీక అలాగైపోయింది," అన్నారు వీరభద్రం గారు సానుభూతిగా. "ఇక కళ సంగతికొద్దాం. నాకు కళలంటే పడదని కొందరనుకుంటారు. తప్పండి. మా అమ్మాయి పెళ్ళిలో సన్నాయి వాయిత్తే దాన్ని రికార్డు చేయించి షెడ్లలో పెట్టించాను. గుడ్లు పెరిగినాయి! కళ వల్ల లాభం ఉందని రుజువు చేసినోణ్ణి నేను. అయితే ఓ రోజు మా సూపర్వైజరు గంగరాజు సరదాపడి వేరే పాట పెట్టేడు. కోళ్ళు బెదిరిపోయి మూలకి చేరిపోయినాయండి. గుడ్లు పడిపోయినాయి. అప్పుడు నాకు తెలిసొచ్చింది. కళ మంచిదే, కానీ ఒకటే ఉండాల. కొత్తదొచ్చిందా, నట్టం!"

పక్కనే నిలబడ్డ గంగరాజు సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఒక్క పాటేటండి? కోడి కొత్త రంగు చూత్తే బెదురుతాది. కొత్త మడిసిని చూత్తే బెదురుతాది. ఇక మీ బడి చూడండి! రోజుకో కొత్త పాఠం, గంటకో కొత్త పంతులు. పిల్లలు బెదరక ఏం చేత్తారు? హెచ్చెమ్ గారూ, కప్పు నేనేయిత్తాను. మళ్ళీ వానాకాలం నాటికి ఒక్క చుక్క లోపల పడదు. కానీ మా పద్ధతి నడవాల."

భ్రమరాంబ గారు కప్పు వైపు చూశారు. కప్పులోంచి ఆకాశం ఆవిడ వైపు చూసింది.

"అలాగేనండీ," అన్నారు.

మర్నాటి నుంచి గంగరాజు షెడ్లతోపాటు బడికి కూడా సూపర్వైజరయ్యాడు. ముందుగా గేటు దగ్గర సిమెంటు తొట్టి కట్టించి ఊదారంగు మందునీళ్ళు పోయించాడు. కోళ్ళ షెడ్డులోకి వెళ్ళేవాళ్ళు రోగాలు మోసుకురాకుండా కాళ్ళు ముంచుకునే తొట్టి అది. గుమ్మలమెట్టలో పాదాల రంగు చూస్తే చాలు, ఎవరు బడికి వెళ్ళారో ఎవరు ఎగ్గొట్టారో తెలిసిపోయేది. హాజరు పిలవడం లెక్కల మాస్టారు మానేశారు.

తరువాత ఉపాధ్యాయులందరికీ ఒకే తానులోంచి చీరలూ చొక్కాలూ వచ్చాయి. రంగు పచ్చసొన. పొద్దున్నే అందరూ ఒకచోట నిలబడితే స్టాఫ్‌రూము అట్టు వేసినట్టుండేది. పొద్దున గంట కొట్టినప్పటి నుంచీ సాయంత్రం గంట కొట్టేదాకా మైకులో ఆ పెళ్ళి సన్నాయే. వీరభద్రం గారి అమ్మాయి పెళ్ళికి వెళ్ళనివాళ్ళు కూడా తాళి ఏ ఘట్టంలో కట్టారో చెప్పగలిగేవారు.

ఇక పాఠం ఒక్కటే ఉండాలి. ఏ పాఠం అన్నదానిపై పెద్ద చర్చ జరిగింది. తెలుగు మాస్టారు పద్యం అన్నారు, లెక్కల మాస్టారు భిన్నాలు అన్నారు, సైన్సు టీచరు గుండె అన్నారు. ఎవరూ తగ్గకపోయేసరికి గంగరాజు బల్ల మీదున్న పుస్తకం తీసి చేతికొచ్చిన చోట తెరిచాడు. నేలలు, వాటి రకాలు.

"ఇదే ఖాయమండి. నేలెక్కడికీ పోదు గదా," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆరు మొదలు పది దాకా అన్ని తరగతులూ అన్ని పీరియడ్లలోనూ నేలలే చదివాయి. లెక్కల మాస్టారు నల్లరేగడిలోంచి ఎర్రనేల తీసివేయించారు. హిందీ టీచరు ఒండ్రునేలని హిందీలో చెప్పారు. డ్రిల్లు మాస్టారు పిల్లలని "ఇసుక నేల! ఇసుక నేల!" అనిపిస్తూ ఆవరణ చుట్టూ పరుగెత్తించారు. డ్రాయింగులో మాత్రం గుడ్డు వేయాలి. చెట్టూ కొండా అయితే బాగుందనీ బాగాలేదనీ వాదనలొస్తాయి. గుడ్డుకి వంక పెట్టడానికి ఏముంటుంది? ఈ అభిప్రాయం వీరభద్రం గారిది.

పరీక్ష వచ్చింది. ప్రశ్నలన్నీ నేలల మీదే. బడి బడంతా నూటికి నూరు.

సదానందం గారు పరుగెత్తుకుంటూ వచ్చారు. గేటు దగ్గర కాళ్ళు ముంచుకుని, గంగరాజు ఇచ్చిన పచ్చసొన రంగు గౌను తొడుక్కుని లోపలికి వచ్చి ప్రసంగించారు.

"అభ్యసన ఫలితాలలో ఏకరూపత సాధించుటలో సదరు పాఠశాల మండలమునకే దిక్సూచిగా నిలిచియున్నదని నా దృష్టికి వచ్చియున్నది. వెనుకబడిన విద్యార్థులు అను సమస్య సమూలముగా నివారించబడినది. ఏలయనగా ముందుకు పోవువారు ఎవరునూ లేరు."

అందరూ చప్పట్లు కొట్టారు. తల్లిదండ్రులు కూడా సంతోషంగానే ఉన్నారు. "మావోడికి ఇదివరకు ఒక్క పాఠమూ రాదండి. ఇప్పుడొకటొచ్చింది," అన్నాడు తగువుల పిల్లవాడి తండ్రి.

సభ అయ్యాక భ్రమరాంబ గారు సదానందం గారితో మెల్లగా, "కప్పు సంగతి..." అన్నారు.

"అది వారు చూసుకుంటున్నారు కదమ్మా. అయినా మనమూ చూద్దాం లెండి," అన్నారాయన గౌను విప్పుతూ.

అంతా ఇలా సాఫీగా సాగిపోతున్నప్పుడు ఏడో తరగతి లోవలక్ష్మి దొరికిపోయింది.

లోవ సన్నగా, చామనచాయగా, ఎవరైనా పేరు పిలిస్తే బెంచీ వెనక్కి జారిపోయే పిల్ల. వాళ్ళమ్మ రమణమ్మ జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే పని చేస్తుంది. లోవ మొదటి తప్పు డ్రాయింగులో చేసింది. గుడ్డు వేసి, దానికి చిన్న పగులు వేసి, పగుల్లోంచి బుల్లి ముక్కు బయటికి పెట్టింది. గంగరాజు ఆ బొమ్మ చూసి చాలాసేపు బాధపడ్డాడు.

"ఇది ఫారం గుడ్డమ్మా. ఇందులో పిల్ల ఉండదు."

"తెలుసండి. ఉంటే బాగుంటాదని ఏశానండి," అంది లోవ బెంచీ వెనక నుంచి.

దాన్ని పగిలిన గుడ్ల కింద లెక్కేసి వదిలేశాడు. రెండో తప్పు అలా వదిలేసేది కాదు. రోజంతా మోగే సన్నాయికి లోవ మాటలు కట్టింది. వింటూ వింటూ తోచక కట్టిందో, కట్టాలనే కట్టిందో ఎవరికీ తెలీదు. పక్కనున్న పిల్ల విని వెనకున్న పిల్లకి చెప్పింది. వారం తిరిగేసరికి బడంతా నోరు కదపకుండా పాడుతోంది.

"తెల్లకోడీ తెల్లకోడీ, తెల్లారకుండా ఎక్కడికే?
పెట్టేసి వచ్చాను గుడ్డు, చూసేసి వస్తాను ఊరు."

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు ఇంకో చరణం వచ్చింది.

"కాలవొచ్చింది కోడీ, కాళ్ళు తడిసేను ఎట్టాగే?
కాళ్ళు తడిసినా ఏంటి, కళ్ళు చూస్తాయి పోతాను."

రోజుకో చరణం. కోడి కాలవ దాటింది, లాకుల దగ్గర కొంగతో మాట్లాడింది, సంతలో తప్పిపోయింది. పొద్దున్నే పిల్లలు గేటు దగ్గర ఊదారంగు నీళ్ళలో నిలబడి, "ఇయ్యాల ఎక్కడికెళ్ళిందే?" అని లోవని అడగడం మొదలుపెట్టారు. రానివాళ్ళు కూడా బడికి రావడం మొదలుపెట్టారు.

గంగరాజు ఈ సంగతి వీరభద్రం గారికి ఫోనులో చెప్పాడు. చెప్పేటప్పుడు అతనే ఆ పాట కూనిరాగం తీశాడన్నది వేరే సంగతి. ఫోను భ్రమరాంబ గారికి ఇమ్మన్నారు వీరభద్రం గారు.

"అమ్మా, బేచిలో ఓ కోడి కూత మొదలెట్టిందనుకోండి, దాన్ని ఏరెయ్యాల. లేపోతే మిగతాయన్నీ కూత్తాయి. ఆ పిల్ల టీసీ రాసుంచండి. ఎల్లుండి వార్షికోత్సవానికి వత్తన్నాను గదా, ఆ రోజు టీసీ దాని చేతిలో పెట్టేశారంటే అక్కడే కప్పుకి కొబ్బరికాయ కొట్టేత్తాను. ఏమంటారు?"

భ్రమరాంబ గారి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు ఎండిపోయింది.

"అలాగేనండీ."

కబురు తెలిసి సాయంత్రం రమణమ్మ వచ్చింది. జీడిగింజల జిగురుతో నల్లబడిన వేళ్ళు కొంగులో దాచుకుని నిలబడింది.

"ఏం తప్పు చేసిందండి మా పిల్ల?"

"తప్పేం లేదమ్మా. పాడిందట."

"ఇంకో బడంటే కాలవవతల గదండీ. ఆడపిల్లని అంత దూరం నేను పంపలేను. ఇక్కడ కాపోతే ఇంకెక్కడా లేదండి. నాతోపాటే పిక్కలు కొట్టుకుంటాది." ఆమె గొంతులో కోపం లేదు. బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "మీరు పెద్దోరు. ఎలా చెప్తే అలాగేనండి."

తన మాట తనకే ఎవరో తిప్పి చెప్పినట్టు అనిపించింది భ్రమరాంబ గారికి. లోవని పిలిచారు.

"పాడకుండా ఉండలేవా తల్లీ?"

"ఉంటానండి టీచర్. కానీ నేనూరుకున్నా మైకులో సన్నాయి ఊరుకోదండి. అది రాగానే ఇది వచ్చేత్తాదండి."

చిన్నప్పుడు ఆవిడ వదిలేసిన సంగీతం ఎక్కడో లోపల కొద్దిగా కదిలింది. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"సంతలోంచి ఎక్కడికెళ్ళింది కోడి?"

వార్షికోత్సవం నాడు పొద్దున్నుంచే భ్రమరాంబ గారు గేటు దగ్గర నిలబడి "కుదరదండీ" అనడం సాధన చేశారు. మొదట తొట్టికి చెప్పారు, తరువాత గేటుకి చెప్పారు. రెండిటికీ బాగానే చెప్పగలిగారు. ఇంతలో వీరభద్రం గారి కారు వచ్చింది. వెనక సదానందం గారి జీపు, ఆ వెనక బ్యాండు మేళం. వీరభద్రం గారు గులాబీరంగు పట్టు లాల్చీలో, భుజాన జరీ శాలువాతో, మెడలో బంతిపూల దండతో దిగారు.

"గేటు తియ్యండమ్మా!"

భ్రమరాంబ గారు నోరు తెరిచారు. "అలాగేనండీ," అన్నారు.

గంగరాజు మాత్రం గేటు తియ్యలేదు. వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అయ్యగారూ, ఇయ్యాల ఇంకో బడికేమైనా ఎళ్ళొచ్చారాండి?"

"ఎళ్ళకేం! పొద్దున్నే కాలవవతల బడిని కూడా దత్తత తీసుకునే వత్తన్నాను. ఈ దండ అక్కడ ఏసిందే."

గంగరాజు ముఖం మాడిపోయింది. "అయితే లోపలికి రాకూడదండి. ఒక షెడ్డుకెళ్ళినోడు ఆ రోజు ఇంకో షెడ్డులో అడుగెట్టకూడదు. రోగాలంటుకుంటాయి."

"ఎవడన్నాడు?"

"తవరేనండి."

వీరభద్రం గారు గర్వంగా సదానందం గారి వైపు తిరిగారు. "చూశారా? నేను పెట్టుకున్నోడంటే ఇలాగుంటాడు. సెబాసురా గంగరాజూ! ఇక తియ్యి."

"తియ్యకూడదండి. తియ్యమని ఎంత పెద్దోడు చెప్పినా తియ్యొద్దని తవరే చెప్పారండి. పైగా తవరు గులాబీరంగులో ఉన్నారు."

"గౌను ఇయ్యి, ఏసుకుంటాను."

"గౌను రంగుకేనండి. రోగానికి కాదు."

సదానందం గారు గొంతు సవరించుకున్నారు. "ఇట్టి ప్రత్యేక సందర్భములలో నిబంధనల సడలింపునకు అవకాశము కలదేమో పరిశీలించవలసియున్నది."

"పరిశీలించండి మరి!" అన్నారు వీరభద్రం గారు.

"చూద్దాం లెండి," అన్నారు సదానందం గారు అలవాటు కొద్దీ.

ఈ గొడవ అర్థం కాని బ్యాండు వాళ్ళు తమ పని తాము చేద్దామని ఒక్కసారిగా డ్రమ్ము మోగించారు. కొత్త మోత వినపడగానే లోపల పిల్లలందరూ, నేర్పినది నేర్పినట్టుగా, బెదిరి బెంచీల కిందికి దూరి మూలలకి చేరిపోయారు. కిటికీల్లో ఒక్క తల లేదు.

"ఏరీ పిల్లలు?" అన్నారు వీరభద్రం గారు కంగారుగా.

"బెదిరారండి," అంది భ్రమరాంబ గారి గొంతు. ఆ గొంతులో అంతకుముందు లేనిదేదో ఉంది. "మీ పద్ధతి బాగా పట్టుబడిందండీ."

అప్పుడు వాన వచ్చింది. నాలుగు చినుకులు చూపించి, మిగతాదంతా ఒక్కసారే గుమ్మరించింది. డ్రైవర్లు కారునీ జీపునీ తిప్పుకుని రావడానికి రోడ్డు చివరిదాకా వెళ్ళారు. జరీ శాలువా బరువెక్కి జారిపోయింది. బంతిపూల రంగు లాల్చీ మీదికి దిగింది. వీరభద్రం గారు గేటు ఊచలు పట్టుకున్నారు.

"అమ్మా, తడిసిపోతన్నాం. రోగాల సంగతి తరవాత. ముందు లోపలికి రానియ్యండి!"

"లోపలికి వచ్చినా తడుస్తారండీ," అన్నారు భ్రమరాంబ గారు.

ఆవిడ కాదనలేదు. ఉన్న మాట చెప్పారంతే. కానీ వీరభద్రం గారు మొదటిసారిగా తలెత్తి ఆ కప్పుని వానలో చూశారు. బెంచీల కిందికి కూడా నీళ్ళు రాగానే తరగతులు కదిలాయి. ఆరు ఏడులోకి వెళ్ళింది, తొమ్మిది వరండాలోకి వచ్చింది, లోపల గొడుగులు విచ్చుకున్నాయి. ఏడూ ఎనిమిదీ తలల మీద పుస్తకాల సంచులు పెట్టుకుని గేటు పక్కనున్న సైకిళ్ళ షెడ్డులోకి పరుగెత్తుకొచ్చి కిక్కిరిసి నిలబడ్డాయి.

కరెంటు పోయింది. మైకులో సన్నాయి మధ్యలో ఆగిపోయింది.

ఇన్ని నెలలుగా ఆగని మోత ఆగేసరికి ఏదో తక్కువైనట్టు అందరూ చెవులు రిక్కించారు. ఆ ఖాళీలో, అలవాటుకొద్దీ, సైకిళ్ళ షెడ్డులోంచి ఒక సన్నటి గొంతు మిగిలిన రాగం అందుకుంది. గొంతు ఎవరిదో కనపడటం లేదు, అందరికంటే వెనక ఉంది. తరువాత ముందున్నవాళ్ళు కలిశారు. వరండా కలిసింది. గొడుగుల కింది నుంచి పదో తరగతి కలిసింది. తెల్లకోడి గూడు దాటింది, కాలవ దాటింది, కొంగతో మాట్లాడింది, సంతలో తప్పిపోయింది. బ్యాండులో డోలు వాయించేవాడు మెల్లగా దరువు అందుకున్నాడు. వీరభద్రం గారి కాలు తొట్టిలో ఉందన్న సంగతి ఆయనకే తెలీదు. ఊదారంగు నీళ్ళు తాళానికి చిందుతున్నాయి.

"అయ్యగారింటి గేటు అడ్డంగ ఉన్నాది, ఎట్టాగే?
తట్టి చూస్తాను గేటు, అయ్యగారొస్తే అడుగుతా."

అక్కడ పాట ఆగిపోయింది.

వాన పడుతూనే ఉంది. వీరభద్రం గారు ఊచల మధ్యలోకి ముఖం పెట్టారు.

"ఏమడిగింది?"

ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

"ఓయమ్మా, గేటు తట్టింది గదా. ఏమడిగింది?"

షెడ్డులో పిల్లలు పక్కకి జరిగి జరిగి, చివరికి లోవని ముందుకి తోశారు.

"ఇంకా అడగలేదండి," అంది లోవ నేల చూస్తూ. "రేపడుగుతాదండి."

"రేపేటి, ఇప్పుడే అడగమను."

"ఇప్పుడు రాలేదండి. రేపొత్తాది."

భ్రమరాంబ గారు ముందుకి వచ్చారు. చెవులు ఎర్రగానే ఉన్నాయి, గొంతు మాత్రం ఎండిపోలేదు. వానకి కాబోలు.

"ఈ పిల్లకేనండీ ఇవాళ టీసీ ఇమ్మన్నారు. రాసే ఉంచాను. ఇచ్చేసి పంపించెయ్యమంటారా?"

"ఆగండాగండి!" అన్నారు వీరభద్రం గారు. "కోడి గేటు దగ్గర నిలబడి ఉంది గదా?"

"అవునండీ."

"ఈ పిల్లెళ్ళిపోతే దాని సంగతేటి?"

"అక్కడే నిలబడిపోతుందండీ. వానలో."

వీరభద్రం గారు తన లాల్చీ వైపు చూసుకున్నారు. సదానందం గారి వైపు చూశారు. ఆయన ఎటూ చూడటం లేదు.

"ఉండనియ్యండమ్మా," అన్నారు చివరికి. "ఆ పిల్లనుండనియ్యండి. గంగరాజూ, రేపు తాపీ మేస్త్రీని తోలుకురా."

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. వీరభద్రం గారు కూడా వచ్చారు. ఈసారి ఇంకే బడికీ వెళ్ళకుండా, గౌను వేసుకుని, కాళ్ళు ముంచుకుని వచ్చారు. కోడి ఆ రోజు ఏమీ అడగలేదు. గేటుకున్న తుప్పు గురించి ఒక చరణం వచ్చింది. ఆ తరువాత గేటు పక్కనున్న కుక్క గురించి వచ్చింది. పాత పెంకులు దిగాయి, కొత్త దూలాలు లేచాయి. కోడి మాత్రం గేటు దగ్గరే ఉంది. "ఇదేటి, ఈ కోడి కదలదు?" అని వీరభద్రం గారు విసుక్కుంటే, లోవ భ్రమరాంబ గారి వైపు చూసేది, భ్రమరాంబ గారు కప్పు వైపు చూసేవారు.

ఈలోగా బడిలో చిన్న చిన్న మార్పులు ఎవరూ ప్రకటించకుండానే వచ్చాయి. రోజూ కొత్త చరణానికి బెదరని పిల్లలు ఇంకో పాఠానికి బెదరరేమో అని తెలుగు మాస్టారు ఒక పద్యం నెమ్మదిగా, తలుపులు వేసి చెప్పి చూశారు. ఏం కాలేదు. లెక్కల మాస్టారు భిన్నాలు బయటికి తీశారు. పిల్లలు వాటికి బెదిరారు గానీ అది ఎప్పుడూ ఉన్న బెదురే. గుడ్డు బొమ్మల పగుళ్ళలోంచి ముక్కులు, కళ్ళు, ఒకచోట ఏకంగా ఏనుగు తొండం బయటికి వచ్చాయి. గంగరాజు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

వానాకాలం మొదలయ్యేలోగా కప్పు పూర్తయింది. మొదటి వాన రోజున ఆరో తరగతి ఆరో తరగతిలోనే కూర్చుంది. కొంచెంసేపు వాళ్ళకి ఏం చెయ్యాలో తోచలేదు. వీరభద్రం గారు కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చున్నారు. రమణమ్మ పని మానుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఒక్క చుక్క పడలేదు. భ్రమరాంబ గారు తల ఊపారు. లోవ బెంచీ వెనక నుంచి లేచింది. నేల మీద నుంచి చూపు ఎత్తకుండానే పాడింది.

"అయ్యగారొచ్చేరు గేటుకి, ఏటి కావాలి చెప్పవే?
షెడ్డులో పెట్టిన పాట, నాకా అండి? గుడ్డుకా?"

వానకి కరెంటు పోయి సన్నాయి లేదు. కొత్త కప్పు మీద వాన చప్పుడొక్కటే ఉంది.

వీరభద్రం గారు కుర్చీలో అటూ ఇటూ కదిలారు. ఒకసారి శాలువా సర్దుకున్నారు. ఒకసారి గంగరాజు వైపు చూశారు, గంగరాజు గోడ వైపు చూశాడు. తరువాత ఆయన జేబులోంచి రుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకున్నారు. లోపల ఒక్క చుక్క పడని రోజున కళ్ళజోడు ఎలా తడిసిందో ఎవరూ అడగలేదు.

అందరూ ఆయన ఏమంటారా అని చూస్తున్నారు. ఆయన ముఖం మెల్లమెల్లగా వెలిగింది. అది భ్రమరాంబ గారికి బాగా తెలిసిన వెలుగు. ఏడాది కిందట సిమెంటు తొట్టికి ముందు కూడా అదే వచ్చింది.

"అబ్బబ్బ! ఎంత మాటందండి కోడి!" అన్నారాయన లేచి నిలబడి. "హెచ్చెమ్ గారూ, నాకిప్పుడు బోధపడింది. కళంటే ఇదీ! ఈ పాట అచ్చేయించి అన్ని బళ్ళకీ పంపిద్దాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రతీ పిల్లా ఇదే పాడాల. అక్షరం మారకూడదు. సన్నాయి తీసేసి ఇదే మైకులో పెట్టిద్దాం. రేపట్నుంచే! ఏమంటారు?"

బడంతా భ్రమరాంబ గారి వైపు తిరిగింది. గుమ్మం దగ్గర రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోవ మెల్లగా బెంచీ వెనక్కి జారడం మొదలుపెట్టింది.

భ్రమరాంబ గారు చెవులు తడిమి చూసుకున్నారు. చల్లగానే ఉన్నాయి. ఆవిడ ముఖంలోకి ఎక్కడలేని ఆదరం వచ్చింది.

"చూద్దాం లెండి," అన్నారు.